డేరాలో కనిపించిన లామా: తుల్పా అంటే భయం ఎక్కడ మొదలైంది?

మనసులో కావాలని తయారు చేసుకున్న మనిషితో కలిసి బతకడం జబ్బా, సాధనా? ఈ ప్రశ్న ఇదివరకూ వచ్చింది, సర్దుమణిగింది. స్నేహితుడిలా కబుర్లు చెప్పే ఏఐ తోడుల మీద మొదలైన గొడవతో ఇప్పుడు మళ్లీ రాజుకుంది. 2025లో కామన్ సెన్స్ మీడియా అనే సంస్థ అమెరికాలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలను అడిగితే, 72 శాతం మంది ఏఐ తోడును ఒక్కసారైనా వాడామన్నారు. ఆ అంకె చూసి కంగారు పడ్డవాళ్లు, యాప్ లేకుండా, ఫోన్ లేకుండా తలలోనే ఒక తోడును పెంచుకుని ఏళ్ల తరబడి మాట్లాడేవాళ్లను కూడా అదే గాటన కట్టేస్తున్నారు. ఆ తోడు పేరు తుల్పా. తయారు చేసుకున్నవాళ్లు తమను హోస్ట్ అని చెప్పుకుంటారు. ఆ సాధన తుల్పామాన్సీ.

ఒక పక్షం అనేది ఇది: ఇవాళ కబుర్లు చెప్పేది రేపు పెత్తనం చేస్తుంది, ఎల్లుండి ఎదురు తిరుగుతుంది, కాబట్టి ఇప్పుడే ఆపించాలి. రెండో పక్షం అనేది ఇది: మేమే చేసుకున్నాం, ఇది మా మనసులోనిదేనని మాకు తెలుసు, దీనివల్ల మాకు ఒంటరితనం తగ్గింది. ఈ వాదనలో నాకు మొదటినుంచీ తట్టే మాట 'ఎదురు తిరుగుతుంది' అన్నదే. అంత నమ్మకంగా అంటున్నారే, ఎవరికి ఎదురు తిరిగింది? ఎప్పుడు? చిన్నపిల్లల ఊహా స్నేహితుల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను. నా ఉద్దేశంలో ఈ గొడవ మొత్తానికి మూలం ఒక డేరాలో ఉంది.

అలెగ్జాండ్రా డేవిడ్-నీల్. 1868లో పుట్టిన ఫ్రెంచ్ యాత్రికురాలు. విదేశీయులకు ప్రవేశం లేని లాసాకు 1924లో మారువేషంలో చేరిన మనిషి. టిబెట్ సాధకుల గురించి 1929లో ఫ్రెంచ్‌లో ఆమె రాసిన పుస్తకంలో ఒక అనుభవం ఉంది. ఆలోచన బలంతో ఒక రూపాన్ని పుట్టించవచ్చని విని, స్వయంగా చేసి చూద్దామనుకుంది. దేవతా రూపాలు రోజూ బొమ్మల్లో కళ్లబడుతూనే ఉంటాయి, వాటి ప్రభావం పడకూడదని ఏ ప్రత్యేకతా లేని మనిషిని ఎంచుకుంది: పొట్టిగా, లావుగా, అమాయకంగా, సరదాగా ఉండే ఒక బౌద్ధ సన్యాసి. ఏకాంతంలో కూర్చుని కొన్ని నెలలు ఏకాగ్రతతో సాధన చేసింది. సన్యాసి రూపం కట్టాడు.

తర్వాత ఏకాంతం వదిలి నౌకర్లతో, డేరాలతో ప్రయాణం కట్టింది. సన్యాసి కూడా బయల్దేరాడు. రోజూ మైళ్ల కొద్దీ గుర్రం మీద తిరుగుతున్నా, అతని గురించి తలుచుకోకపోయినా కనిపిస్తూనే ఉండేవాడు. నడిచేవాడు, ఆగేవాడు, చుట్టూ చూసేవాడు. ఒక్కోసారి ఏదో వస్త్రం తనను రాసుకుపోయినట్టు ఉండేదని, ఒకసారి భుజం మీద చెయ్యి పడినట్టు అనిపించిందని రాసింది. మెల్లగా అతను మారడం మొదలుపెట్టాడు. బుగ్గలు కరిగి మనిషి సన్నబడ్డాడు. ముఖంలో ఎగతాళి, జిత్తులమారితనం కనిపించసాగాయి. తన అదుపు తప్పుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఒక రోజు వెన్న కానుకగా తెచ్చిన పశువుల కాపరి డేరాలో ఆ రూపాన్ని చూసి, నిజం లామా అనుకున్నాడట. ఇక వదిలించుకోవాలని ఆమె నిర్ణయించుకుంది. అందుకు ఆరు నెలలు పట్టింది.

కథ బాగుంటుంది, కాబట్టి తిరిగింది. చెప్పిన ప్రతివాళ్లూ సన్నబడ్డ ముఖం, వెన్న తెచ్చిన కాపరి, ఆరు నెలల పోరాటం చెప్పారు. ఆ పక్కనే ఆమె రాసిన ఇంకో సంగతి మాత్రం జారిపోయింది. తన భ్రమను తానే సృష్టించుకుని ఉండొచ్చని, అందులో వింతేమీ లేదని ఆమే ఒప్పుకుంది. ఆమెను ఆశ్చర్యపరిచింది కాపరికి కూడా కనిపించడం ఒక్కటే. ఆ కాపరి మాట మనకు ఆమె నోటి ద్వారానే తెలుసు. ఇంకో సాక్షి లేడు. ఇవాళ 'ఎదురు తిరుగుతుంది' అంటున్నవాళ్ల చేతిలో ఉన్న ఆధారం చాలావరకు ఈ ఒక్క మనిషి చెప్పిన ఈ ఒక్క అనుభవమే.

పైగా అది టిబెట్‌ది అన్న ముద్ర. తుల్పా అన్న పలుకు వెనక ఉన్న టిబెటన్ మాటకు మూలార్థం నిర్మితమైనది, మాయగా ఏర్పడినది అని. తుల్కు అన్న మాటా ఆ కుటుంబంలోదే. బౌద్ధంలో నిర్మాణకాయం అనేదాన్నే టిబెటన్‌లో అలా అన్నారు. బుద్ధుడు లోకుల కోసం ధరించే శరీరం అని అర్థం. ఒంటరి మనిషి తోడు కోసం తలలో చేసుకునే స్నేహితుడికీ దానికీ చాలా దూరం. 2015లో నతాషా మిక్లెస్, జోసెఫ్ లేకాక్ అనే ఇద్దరు మత అధ్యయన పరిశోధకులు ఈ మాట జాడ వెతుక్కుంటూ వెళ్లి తేల్చింది కూడా ఇదే: మనం ఇప్పుడు తుల్పా అంటున్న భావనలో టిబెట్ కన్నా థియోసఫీ, అంటే దివ్యజ్ఞాన సమాజం వాళ్ల సిద్ధాంతం, పాలే ఎక్కువ. ఆ సమాజానికి చెందిన అనీ బీసెంట్, లెడ్‌బీటర్ కలిసి 'ఆలోచనా రూపాల' మీద పుస్తకం తెచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. డేవిడ్-నీల్ టిబెట్‌కు వెళ్లక ముందే ఆ వర్గాల్లో తిరిగిన మనిషి. అంటే పాతకాలపు టిబెటన్ల హెచ్చరికగా చెలామణి అవుతున్నది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్ మేధావుల మధ్య పుట్టిన నమ్మకం నీడలో రాసుకున్న ఒక యాత్రా జ్ఞాపకం.

ఇక్కడి నుంచి 2014కి దూకుతున్నాను, ఎందుకంటే ఆ ఏడాది ఈ భయానికి రక్తం అంటింది. మే 31న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వాకెషాలో 12 ఏళ్ల ఇద్దరు బాలికలు తమ స్నేహితురాలిని అడవిలోకి తీసుకెళ్లి 19 సార్లు పొడిచారు. స్లెండర్ మ్యాన్ మెప్పు కోసం చేశామన్నారు. ఆ పాప ప్రాణాలతో బయటపడింది. స్లెండర్ మ్యాన్ అనేది 2009లో ఒక ఫొటో ఎడిటింగ్ పోటీ కోసం ఎవరో తయారు చేసిన కల్పిత పాత్ర. అంతమంది నమ్మితే కల్పిత పాత్రకు కూడా ప్రాణం వస్తుందంటూ తుల్పా అన్న మాటను ఆ ఘటనకు తగిలించారు. కానీ ఆ బాలికలు ఏ సాధనా చేయలేదు, తమలో ఎవరినీ సృష్టించుకోలేదు. బయట నిజంగా ఉన్నాడనుకున్న ఒకడికి భయపడ్డారు. కోర్టు ఇద్దరినీ మానసిక అనారోగ్యం కారణంగా చికిత్సాలయానికే పంపింది. పని చేసింది జబ్బు. పేరు పడింది తుల్పాకి.

అప్పటికే, 2012 ప్రాంతంలోనే, అసలు సాధకులు ఇంకో దారి పట్టారు. కాలేజీ వయసు కుర్రాళ్లు, చాలామంది కార్టూన్ పాత్రల అభిమానులు. తమకు నచ్చిన పాత్రలను, సొంతంగా ఊహించుకున్న మనుషులను తలలో నిలుపుకోవడానికి ప్రయత్నిస్తూ, ఏది పనిచేసిందో ఒకరికొకరు చెప్పుకున్నారు. మంత్రాలు తీసేశారు, ఆత్మలు తీసేశారు. ఇది మెదడు చేసే పని, ఏకాగ్రతతో అబ్బుతుంది అన్నారు. డేవిడ్-నీల్ నుంచి పేరు తెచ్చుకున్నారు గానీ ఆమె కథలోని ముగింపును మాత్రం వద్దనుకున్నారు.

వాళ్లు చేసేదేమిటో దగ్గర నుంచి చూస్తే తప్ప ఈ తేడా తెలియదు. కళ్లు మూసుకుని కూర్చుంటారు. ముందు రూపం. కనుబొమ్మల వంపు, నవ్వితే చెంప మీద పడే గీత, లేచేటప్పుడు ఏ చెయ్యి ఆనిస్తుంది, ఒక్కొక్కటీ గంటల కొద్దీ. దీన్ని యాక్టివ్ ఫోర్సింగ్ అంటారు. మిగతా రోజంతా, గిన్నెలు కడుగుతున్నా, బస్సులో కూర్చున్నా, జరుగుతున్నదంతా ఆ మనిషికి లోలోపల చెబుతూనే ఉంటారు. అది పాసివ్ ఫోర్సింగ్. అటునుంచి ఎన్నో రోజులపాటు ఏమీ రాదు. ఓపిక పట్టలేక జవాబు కూడా తామే ఊహించి పెట్టేస్తే దానికో పేరుంది, పారటింగ్. చిలక పలుకులన్నమాట. మొదటి గుర్తు చాలామందికి మాట రూపంలో కూడా రాదట. తలలో ఏదో ఒత్తిడి, లేదా కారణం లేకుండా వచ్చిపడే ఒక భావం. ఆ తర్వాత ఏదో ఒక రోజు తాము అనుకోని మాట వినిపిస్తుంది. తాము అవునందామనుకున్నప్పుడు అటునుంచి కాదని వస్తుంది. వాళ్ల అనుభవాలు చదువుతుంటే అందరూ ఎక్కువసేపు నిలబడి మాట్లాడేది ఆ క్షణం దగ్గరే. ఇంకా ముందుకు వెళ్లినవాళ్లు ఎదురు కుర్చీలో ఆ మనిషి కూర్చున్నట్టు చూడగలిగే స్థితికి ప్రయత్నిస్తారు. దాన్ని ఇంపోజిషన్ అంటారు. కుర్చీ ఖాళీగానే ఉందని వాళ్లకు తెలుసు. ఆ ఎరుకను వాళ్లు ఎక్కడా వదులుకోరు, అందుకే నేను వాళ్ల మాటకు ఇంత చోటిస్తున్నాను.

మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మానవ శాస్త్రవేత్త శామ్యూల్ వెసియేర్ వీళ్లను సర్వే చేశారు. ఎక్కువమంది 19 నుంచి 23 ఏళ్ల వాళ్లు. నలుగురిలో ముగ్గురు మగపిల్లలు. ఒంటరితనం, నలుగురిలో కలవాలంటే టెన్షన్ చాలామందిలో కనిపించింది. తుల్పా అంటే మానసికమైనదే లేదా మెదడుకు సంబంధించినదే అన్నవాళ్లు 76.5 శాతం. ఏదో అతీత శక్తి అన్నవాళ్లు 8.5 శాతం. ఎక్కువమంది తమ పరిస్థితి మెరుగైందనే చెప్పారు. తమంతట తాము ముందుకొచ్చి చెప్పినవాళ్ల మాటలు ఇవి. చెడు అనుభవంతో వదిలేసినవాళ్లు ఇలాంటి సర్వేల్లో తక్కువగా దొరుకుతారు. ఆ లోటు ఉంది.

అనుకోని మాట వినిపించడం అనగానే జబ్బు గుర్తొస్తుంది కదా. అమెరికాలో మనస్తత్వవేత్త మార్జోరీ టేలర్, సహచరులు 2003లో 50 మంది కథకులను అడిగారు. 92 శాతం మంది తమ పాత్రలు తమ మాట వినకుండా సొంతంగా నడిచిన అనుభవం ఏదో ఒక మేరకు ఉందన్నారు. వాళ్లనెవరూ డాక్టర్ దగ్గరికి పంపలేదు. స్టాన్‌ఫోర్డ్ మానవ శాస్త్రవేత్త టాన్యా లూర్మన్ ఇంకో అడుగు ముందుకేశారు. క్రైస్తవ భక్తులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి బైబిల్ ఘట్టాలను కళ్లకు కట్టినట్టు ఊహించే ప్రార్థనను, ఇంకో వర్గానికి ఉపన్యాసాలను ఐపాడ్‌లలో ఇచ్చారు. రోజుకు అరగంట, వారానికి ఆరు రోజులు, నాలుగు వారాలు. ప్రార్థన చేసినవాళ్లకు మనోచిత్రాలు పదునెక్కాయి. లేని శబ్దం వినిపించడం లాంటి అనుభవాలూ పెరిగాయి. ఆమె తర్వాత తుల్పా సాధకులను కూడా అధ్యయనం చేయడం యాదృచ్ఛికం కాదు. సాధనతో మనసుకు ఇది అబ్బుతుంది.

ఆమె చేసిన పనుల్లో ఈ వివాదానికి అన్నిటికన్నా దగ్గరగా తగిలేది 2015 నాటిది. తీవ్ర మానసిక వ్యాధితో గొంతులు వినిపించే మనుషులతో అమెరికాలోని శాన్ మాటియోలో, ఘనాలోని ఆక్రాలో, మన చెన్నైలో ఇరవై మంది చొప్పున మాట్లాడారు. అమెరికా వాళ్లకు ఆ గొంతులు ఎక్కువగా దాడిగా, హింసగా ఉన్నాయి. చెన్నైలో సగానికి పైగా బంధువుల గొంతులు. తిట్టేవి, పనులు చెప్పేవి, సలహాలిచ్చేవి. ఆక్రాలో చాలామంది దేవుడి మాట విన్నారు. వీళ్లంతా రోగులు, తుల్పా సాధకులు కారు, రెండూ కలపకూడదు. కానీ జబ్బులో కూడా ఆ గొంతుతో ఎలా మసలుకోవాలో చుట్టూ ఉన్నవాళ్లు నేర్పింది ఆ గొంతు స్వభావాన్ని మారుస్తున్నప్పుడు, ఏ జబ్బూ లేని పిల్లవాడికి 'అది నీకు ఎదురు తిరుగుతుంది' అని రోజూ చెబితే ఏమవుతుంది? నా బాధంతా ఇదే. డేరాలోని కథను హెచ్చరికగా వాడుతున్నవాళ్లు, తెలియకుండానే అదే కథను ఆ పిల్లవాడి తలలో నాటుతున్నారు.

డాక్టర్ల భయం ఊరికే పుట్టింది కాదు. కుటుంబంలో సైకోసిస్ (నిజానికీ భ్రమకీ తేడా తెలియకుండా పోయే జబ్బు) చరిత్ర ఉన్న కుర్రాడు దీనిలోకి దిగితే, నిద్ర చెడితే, స్నేహితులను మానేస్తే, ఆ గొంతు తనను శాసిస్తోందని చెబితే, అది వెంటనే చూపించుకోవాల్సిన సంగతి. సాధకుల్లో బాధ్యత ఉన్నవాళ్లు కూడా ఇదే చెబుతారు.

చివరికి ఆపమనేవాళ్లూ, సాధకులూ పట్టుకొచ్చేది మానసిక జబ్బుల మీద అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథమే. ఒకే మనిషిలో వేరువేరు మనుషులున్నట్టుండే జబ్బుకు అందులో ఉన్న బహుళ వ్యక్తిత్వం అన్న పాత పేరును 1994లో మార్చారు. 2013 ఐదో కూర్పులో షరతులు స్పష్టంగా పెట్టారు. ఒకే మనిషిలో ఇద్దరున్నట్టు ఉండటం ఒక్కటే చాలదు. దానివల్ల ఆ మనిషి గట్టిగా బాధపడుతూ ఉండాలి, లేదా బతుకు బండి నడవకుండా పోవాలి. సమాజం విస్తృతంగా ఒప్పుకున్న సాంస్కృతిక, మత ఆచారంలో భాగమైతే లెక్కలోకి రాదు. తుల్పా సాధన ఇటీవలిది, కొద్దిమందిది, ఏ మతానిదీ కాదు. కాబట్టి ఆ ఆచారం మినహాయింపు వీళ్లకు దొరకదని ఆపమనేవాళ్లు అంటారు. బాధే లేనప్పుడు మినహాయింపుతో పనేముందని సాధకులు అంటారు. వాక్యాలను వరుసగా చదివితే సాధకుల మాటే నిలుస్తుంది.

అదే షరతు కింద ఒక చిన్న గమనిక ఉంది. పిల్లల విషయంలో ఊహా స్నేహితులను, ఊహల ఆటలను జబ్బు లక్షణంగా పొరపడకూడదని. ఆ వెసులుబాటు ఏ వయసు దాకా అన్నది మాత్రం అందులో రాసి లేదు. ఇవాళ ఇళ్లలో గొడవ జరుగుతున్నది పందొమ్మిదేళ్ల పిల్లల గురించి.