కరెంటు ఆగినప్పుడు పుట్టే స్పార్క్

పాతకాలపు కారుకి సెల్ఫ్ కొడితే ఇంజిన్ బాగానే తిరుగుతుంది, కానీ అందుకోదు. అప్పుడు చాలామంది ముందు ప్లగ్గులు మారుస్తారు. కుదరకపోతే కాయిల్, ఆ తర్వాత కండెన్సర్. డబ్బులు ఖర్చవుతాయి, లోపం మాత్రం కదలదు. పాయింట్లున్న ఇగ్నిషన్‌లో, అంటే కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు లాంటి లోహపు ముక్కలతో స్పార్క్ పుట్టించే ఏర్పాటులో, ఇలా గుడ్డిగా వెతకాల్సిన పని లేదు. అందులో ఉండేవి లెక్కపెట్టగలిగినన్ని భాగాలే. కరెంటు ఏ దారిన పోతుందో తెలిస్తే, రెండు వైర్లు తగిలించిన చిన్న 12 వోల్టుల బల్బుతో లోపం ఎక్కడుందో పట్టేయొచ్చు.

ఈ పద్ధతిని కార్లలోకి తెచ్చింది అమెరికన్ ఇంజినీర్ చార్లెస్ కెటరింగ్. 1910 కాడిలాక్‌తో మొదలై, 1970లలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చేదాకా ప్రపంచంలోని పెట్రోల్ కార్లలో చాలావాటిని ఇదే నడిపించింది. అసలు చిక్కు ఏమిటంటే, బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొనల మధ్య ఉన్న 0.6 మిల్లీమీటర్ల సందును దూకాలంటే వేల వోల్టులు కావాలి. మధ్యలో ఉన్నది కాయిల్ ఒక్కటే. అందులో ఒకే ఇనుప కడ్డీ మీద రెండు వైండింగులు ఉంటాయి. ప్రైమరీలో లావు తీగ, కొన్ని వందల చుట్లు. సెకండరీలో సన్నని తీగ, దానికి దాదాపు వంద రెట్ల చుట్లు.

పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ ప్రైమరీలో మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు పారుతూ అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతుంది. అప్పుడు స్పార్క్ రాదు. స్పార్క్‌ను వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని క్యామ్ (తిరిగే ఎత్తుపల్లాల ఇరుసు) పాయింట్లను విడదీసిన క్షణంలో కరెంటు తెగుతుంది, క్షేత్రం కుప్పకూలుతుంది. 1831లో ఫారడే కనుక్కున్నది ఇదే: అయస్కాంత క్షేత్రం ఎంత వేగంగా మారితే వోల్టేజి అంత ఎక్కువ. వేగంగా పారే నీటికి కుళాయి టక్కున కట్టేస్తే పైపు దడదడలాడుతుంది కదా, ఇదీ అలాంటిదే. ఆ ఒక్క క్షణం ప్రైమరీలోనే రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. సెకండరీలో అది పదిహేను, ఇరవై వేలకు చేరుతుంది.

అందరూ తక్కువ అంచనా వేసే భాగం కండెన్సర్. విలువ 0.2 మైక్రోఫారడ్‌కు అటూ ఇటూ, అంతే. కానీ పాయింట్లు విడిపోతున్నప్పుడు ఆగలేక ముందుకు తోసుకొచ్చే కరెంటును ఒక్క క్షణం తనలోకి తీసుకునేది అదే. అది పాడైతే కరెంటు పాయింట్ల సందులోనే మెరుపై పారుతుంది, టక్కున తెగదు, క్షేత్రం మెల్లగా తగ్గుతుంది. ప్లగ్గు దగ్గర నీరసమైన పసుపు స్పార్క్, పాయింట్ల దగ్గర మాత్రం కళ్లకు కనిపించేంత నీలి మెరుపు ఉంటే అనుమానం కండెన్సర్ మీదికే పోవాలి.

ఇక బల్బు. ఒక వైరును కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే చిన్న టెర్మినల్‌కు, రెండోది ఇంజిన్ ఇనుముకు తగిలించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. పాయింట్లు కలిసినప్పుడు కరెంటు వాటి గుండా ఇంజిన్ ఇనుముకు పోయి బల్బు ఆరుతుంది, విడిపోతే వెలుగుతుంది. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు పనిచేస్తున్నాయి, సగం కారును పక్కన పెట్టేయొచ్చు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు. నెలల తరబడి కదలని కారులో ఎక్కువగా ఇదే జరుగుతుంది. పాయింట్ల ముఖాల మీద కంటికి ఆనని ఆక్సైడ్ పొర పేరుకుంటుంది, 12 వోల్టులు దాన్ని ఛేదించలేవు. సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, శుభ్రమైన అట్టముక్కతో తుడిచి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకుతో) సందును తయారీదారు చెప్పిన కొలతకు, సాధారణంగా 0.4 మిల్లీమీటర్లకు, సరిచేస్తే చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

బల్బు అసలు వెలగకపోతే దాన్ని కాయిల్ రెండో టెర్మినల్‌కు మార్చాలి. అక్కడా వెలగకపోతే తాళం వైపు నుంచి కరెంటే రావడం లేదు. అక్కడ వెలిగితే, డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైరు ఊడదీసి మళ్లీ మొదటి టెర్మినల్ దగ్గర చూడాలి. ఇప్పుడు వెలిగిందంటే లోపం డిస్ట్రిబ్యూటర్‌లో ఉంది: పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా వైరో కండెన్సరో లోపల ఇనుముకు కలిసి ఎర్త్ అయింది. ఇంకా వెలగకపోతే ప్రైమరీ తెగింది, కాయిల్ కొనాల్సిందే.

సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజిన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతుందా? కాయిల్‌కు పోయే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న కార్లలో అది తెగిందని దాదాపు తేలిపోయినట్టే. సెల్ఫ్ లాగే కరెంటుకు బ్యాటరీ పది వోల్టులకు పడిపోతుంది కాబట్టి, ఆ సమయంలో రెసిస్టర్‌ను తప్పించి కాయిల్‌కు నేరుగా కరెంటు ఇస్తారు. తాళం వదిలితే దారి మళ్లీ రెసిస్టర్ గుండానే.

బల్బు మినుకుతున్నా స్టార్ట్ కాకపోతే ఎక్కువ వోల్టేజి వైపు చూడాలి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలోంచి కాయిల్ తీగ లాగి, దాని కొసను ఇన్సులేటెడ్ పట్టుకారుతో ఇంజిన్ ఇనుముకు ఐదారు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించాలి. చుట్టుపక్కల పెట్రోల్ తడి, వాసన లేకుండా చూసుకున్నాకే. అంత దూరం ఎందుకంటే, వాయువు పీడనం పెరిగితే స్పార్క్ దూకడానికి కావలసిన వోల్టేజి కూడా పెరుగుతుందని 1889లో పాషెన్ చూపించాడు. సిలిండర్‌లో పీడనం బయటి కన్నా పది రెట్లకు అటూ ఇటూ ఉంటుంది. బయట అర మిల్లీమీటరు దూకిన స్పార్క్ లోపల దూకుతుందన్న నమ్మకం లేదు.

ఇక్కడ నీలి స్పార్క్ చిటపటలాడుతూ వచ్చి, ప్లగ్గు దగ్గర రాకపోతే రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ స్పార్క్‌ను ఒక్కో తీగకు అందించే ముక్క), క్యాప్, తీగలు, ఈ మూడే మిగులుతాయి. క్యాప్ లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఉంటే స్పార్క్ ఆ దారినే ఎర్త్‌కు పోతోంది. చెమ్మ చేరినా అంతే. పొడిగుడ్డతో తుడిచి చూడండి.

స్పార్కూ బాగుంది, పెట్రోలూ అందుతోంది, అయినా కార్బ్యురేటర్‌లోంచి ఫట్ఫట్ మంటోందంటే ఎవరో డిస్ట్రిబ్యూటర్ విప్పి బిగించారేమో కనుక్కోవాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే పుల్లీ మీది గుర్తు రెండుసార్లు కలుస్తుంది, అందులో ఒకటి పొగ బయటికి పోయే స్ట్రోక్. ఇగ్నిషన్ ఆపేసి, ఒకటో ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజిన్‌ను చేత్తో తిప్పండి. గాలి వేలిని నెడుతూ గుర్తు కలిసినప్పుడు రోటర్ కొస ఒకటో తీగ వైపు చూస్తుండాలి. సరిగ్గా ఎదురు దిక్కుకు చూస్తుంటే డిస్ట్రిబ్యూటర్‌ను సగం చుట్టు తిప్పి పెట్టారన్నమాట.