రక్తం బలం మందు కాదర్రా

పిల్లలూ,

ఆపరేషన్ అనగానే "రక్తం ఎక్కిస్తారా?" అని కంగారు పడుతుంటారు మీరు. చాలా ఏళ్లు థియేటర్‌లో నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఎన్నో ఆపరేషన్లు రక్తం సంచి అవసరమే లేకుండా అయిపోతాయి.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. కొంచెం పోతే సెలైన్‌తో శరీరం సర్దుకుంటుంది. ధారగా పోతూ బీపీ పడిపోతుంటే మాత్రం ఆలోచించే టైమ్ ఉండదు, ఎక్కించాల్సిందే. మనిషి నిలకడగా ఉంటే డాక్టర్లు హిమోగ్లోబిన్ చూస్తారు. మామూలుగా 7 గ్రాముల కంటే తగ్గితే, గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే 8 దగ్గరే ఎక్కించే ఆలోచన చేస్తారు. ఆయాసం, గుండెదడ ఉన్నాయా అన్నదీ చూస్తారు.

"నీరసంగా ఉన్నాడమ్మా, ఒక బాటిల్ ఎక్కించండి" అని బంధువులు బతిమాలడం ఎన్నిసార్లు విన్నానో! ఒక యూనిట్‌తో, అంటే ఒక సంచి రక్తంతో, హిమోగ్లోబిన్ పెరిగేది సుమారు 1 గ్రామే. ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే రక్తహీనత కనిపెట్టి ఐరన్ ఇస్తే చాలామందికి ఆ అవసరమే తప్పుతుంది.

ఇక ప్రమాదాలు. అందరి భయం హెచ్‌ఐవీ, హెపటైటిస్ గురించే. పరీక్షలు చేశాకే రక్తం ఇస్తారు కాబట్టి ఆ ముప్పు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. నాకు టెన్షన్ పెట్టింది వేరొకటి: ఒకరి సంచి ఇంకొకరికి తగిలించడం. కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త 1901లోనే రక్తం గ్రూపుల సంగతి బయటపెట్టాడు. గ్రూపు కలవకపోతే కొత్తగా వచ్చిన ఎర్రకణాలను శరీరం పగలగొట్టేస్తుంది. కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు. ఈ పొరపాటు ఎక్కువగా జరిగేది మనిషిని సరిగ్గా పోల్చుకోకపోవడం వల్లే.

అందుకే ఇద్దరం నిలబడేవాళ్లం. ఒకరు సంచి మీది పేరు, నంబరు, గ్రూపు పైకి చదివితే ఇంకొకరు రోగి చేతి పట్టీతో సరిచూసేవాళ్లం. ఫ్రిజ్‌లోంచి వచ్చిన సంచికి చెమట పట్టి ఉండేది. వేలితో తుడిచి మరీ చదివేదాన్ని. మొదటి 15 నిమిషాలు మెల్లగా ఎక్కిస్తూ పక్కనే ఉండేదాన్ని. చలి, జ్వరం, దద్దుర్లు, నడుంనొప్పి, ఆయాసం, ఏది కనిపించినా ముందు ఆపేయడమే. మత్తులో ఉన్నవాళ్లు నోరు తెరిచి చెప్పలేరు కదా, వాళ్ల బీపీ మీద, మూత్రం రంగు మీద ఓ కన్నేసి ఉంచాలి. ముసలివాళ్లకు గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, అదీ చూసుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఎక్కించేటప్పుడు, అంతకుముందు పదిసార్లు పిలిచిన పేరునే నర్సు మళ్లీ అడిగితే విసుక్కోకండి. పూర్తి పేరు చెప్పండి.

మీ అమ్మమ్మ