చివికిన బ్లెబ్‌కు కుట్టు నిలవదు

గ్లాకోమాకు (కంటి లోపలి ప్రెషర్‌తో చూపు నరం దెబ్బతినే జబ్బు) ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ చేసేటప్పుడు పైరెప్ప కింద, కంటి తెల్లగుడ్డులో చిన్న తలుపులా ఫ్లాప్ కోస్తారు. కంటి లోపలి నీరు దాని అంచుల్లోంచి ఊరి, పైనున్న కంజంక్టైవా పొర కిందికి చేరుతుంది. అక్కడ లేచే ఉబ్బే బ్లెబ్. దారి పూడిపోకుండా మైటోమైసిన్-సి అద్దుతారు. ఆ మందు ఒక్కోసారి మరీ బాగా పనిచేస్తుంది. కొన్నేళ్లకు బ్లెబ్ మీద రక్తనాళాలు పోయి, పొర ఉల్లిపొరలా పల్చబడి, సూదిమొనంత చిల్లి పడుతుంది.

నొప్పి ఉండదు, కన్ను ఊరికే కారుతుంటుంది. కంటి ప్రెషర్ 5 మి.మీ. (పాదరసం) కంటే దిగితే రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో ముడతలు పడి చూపు మసకబారవచ్చు. పైగా నీరు బయటికొచ్చే దారినే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, పుసి కడితే తెల్లారేదాకా ఆగకూడదు.

చిల్లిని పట్టుకోవడం తేలికే. ఫ్లోరెసీన్ అనే రంగు పట్టించిన స్ట్రిప్‌ను తడిపి బ్లెబ్ మీద అద్ది, స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ నీలికాంతిలో చూస్తారు. ముదురు నారింజ రంగు మధ్యలోంచి పచ్చగా మెరిసే సన్నని పాయ కిందికి జారితే కారుతున్నట్టే.

ఆపరేషనైన తొలి వారాల్లో కారితే బ్యాండేజ్ లెన్స్‌తో (కట్టులా కప్పే కాంటాక్ట్ లెన్స్) తరచూ మానుతుంది. ఏళ్ల తర్వాత పడ్డ చిల్లి వేరు. దాన్ని నేరుగా కుట్టబోతే సూది గుచ్చిన ప్రతిచోటా కొత్త చిల్లి పడుతుంది. చివికిన పంచెకు మాసిక వేసినట్టే.

అందుకని ఆ పల్చటి భాగాన్ని కోసి తీసేస్తారు. కింద ఫ్లాప్ గట్టిగా ఉందో లేదో చూసి, వదులైతే 10-0 నైలాన్ అనే అతి సన్నని దారంతో బిగిస్తారు. కరిగిపోయి ఉంటే దాత స్క్లీరా (తెల్లగుడ్డు) ముక్కను అతికిస్తారు. కార్నియా (నల్లగుడ్డు ముందున్న పారదర్శక పొర) అంచున మిగిలిన పైకణాలను గీకేయాలి. వాటిని వదిలితే కొత్త పొర అతుక్కోదు, మళ్లీ కారుతుంది. ఆ తర్వాత వెనకనున్న ఆరోగ్యమైన కంజంక్టైవాను కిందినుంచి విడదీసి, ముందుకు జరిపి, కార్నియా అంచున బిగుతుగా కుడతారు. చివర్లో సెలైన్ ఎక్కించి కంటిని నింపి, అదే ఫ్లోరెసీన్‌తో ఇంకోసారి చూడాలి.

పొర చాలకపోతే అదే కంటి కింది భాగం నుంచో, రెండో కంటి నుంచో తెచ్చి అతికిస్తారు. ఉమ్మనీటి సంచి పొర కూడా వాడతారు కానీ సొంత కంజంక్టైవాకు అది సాటిరాదు. పొరను మరీ లాగి కుడితే పైరెప్ప వాలే ప్రమాదం ఉంది. కారడం ఆగాక కొందరిలో ప్రెషర్ మళ్లీ పెరిగి, మానేసిన గ్లాకోమా చుక్కలు తిరిగి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఆ సంగతి రోగికి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.