ప్రాపొజిషన్ 8: నింద బ్లాక్ ఓటర్ల మీద ఎందుకు పడింది
2008 నవంబర్ 4న ఒబామా గెలిచిన రోజే కాలిఫోర్నియాలో ప్రాపొజిషన్ 8 (జనం నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన) కూడా పాసయింది, పెళ్లంటే ఒక మగ ఒక ఆడ మధ్యే అని స్టేట్ రాజ్యాంగంలో రాయించేశారు, 52 శాతం అవును, 48 శాతం కాదు. అదే ఏడాది మేలో స్టేట్ సుప్రీంకోర్టు సేమ్ సెక్స్ పెళ్లిళ్లకి ఒప్పుకోవడంతో నవంబర్ లోపే అలాంటి దాదాపు 18 వేల జంటలు పెళ్లి చేసుకున్నాయి, అలాంటి టైంలో పక్కవాళ్ల పెళ్లి ఉండాలా వద్దా అని జనాన్ని ఓటడగడమే నాకు ఘోరంగా అనిపిస్తుంది.

తెల్లారేసరికి ఓడిపోయినవాళ్లలో కొందరు ఎగ్జిట్ పోల్ నంబర్ ఒకటి పట్టుకున్నారు, బ్లాక్ ఓటర్లలో 70 శాతం అవును అన్నారంట, ఇంకేముంది, ఒబామా కోసం వచ్చినవాళ్లే ముంచేశారని మొదలుపెట్టారు. కానీ లెక్క వేసి చూడండి. మొత్తం పోలైనవి కోటీ 34 లక్షలు, తేడా 6 లక్షలు. అదే పోల్ ప్రకారం బ్లాక్ ఓటర్లు పదో వంతు, అంటే 13 లక్షల పైచిలుకు, వాళ్లు 70-30గా కాకుండా సరిగ్గా సగం సగం వేసినా తగ్గే తేడా ఐదున్నర లక్షల లోపే, అప్పుడు కూడా ప్రాపొజిషన్ గెలిచేదే! 2009 జనవరిలో పొలిటికల్ సైంటిస్టులు ప్యాట్రిక్ ఈగన్, కెన్నెత్ షెరిల్ చేసిన స్టడీలో అయితే ఆ 70 కాస్తా 57-59కి దిగింది, చర్చికి ఎంత తరచుగా వెళ్తారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే మిగతావాళ్లతో పెద్ద తేడా లేదని తేలింది. పార్టీ, మతం, వయసు, ఓటుని నడిపించింది ఇవే. 30 లోపు వాళ్లలో పదికి ఆరుగురు వద్దన్నారు, 65 దాటినవాళ్లలో పదికి ఆరుగురు కావాలన్నారు.

2000లో ప్రాపొజిషన్ 22 అని ఇలాంటిదే పెడితే 61 శాతం వచ్చింది, ఎనిమిదేళ్లలో 52కి పడిందంటే గాలి ఎటు తిరుగుతోందో అప్పుడే తెలుస్తోంది కానీ ఓడిపోయిన కోపంలో అది ఎవరూ పట్టించుకోలేదు. 2012 మేలో ఒబామా ఓపెన్‌గా సపోర్ట్ చేశాడు, ఆ నవంబర్‌లో జనాభాలో దాదాపు 30 శాతం బ్లాక్స్ ఉన్న మేరీలాండ్‌లో సేమ్ సెక్స్ పెళ్లి ఓటుతోనే గెలిచింది, 2008లో వేలెత్తి చూపించినవాళ్లు ఇది మాత్రం అంత గట్టిగా చెప్పలేదు.

కాలిఫోర్నియాలో 2013లో కోర్టు ద్వారా పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి, కానీ ఆ వాక్యం మాత్రం రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది, 2024 నవంబర్‌లో ప్రాపొజిషన్ 3తో దాదాపు 63 శాతం మంది ఓటేసి దాన్ని తీయించేశారు.