పాత టేపు ఎవరి సొత్తు?

చిరంజీవులకు,

ఆశీస్సులు. యాభై అరవై ఏళ్ల కిందటి సోల్, ఫంక్ పాటలను కొత్త అట్టల్లో పెట్టి మళ్లీ మళ్లీ ఎందుకు అమ్ముతున్నారు, కొత్తగా పాడేవాళ్లు లేరా అని అడిగారు. ఉన్నారు. వాళ్ల సంగతి చివర చెబుతాను.

అమెరికాలోని నల్లజాతివారి చర్చి గానం గడప దాటి వచ్చి ప్రేమ, విరహం, వీధి కబుర్లు పాడుకుంటే అది సోల్. ఫంక్‌లో రాగం వెనక్కి తగ్గి లయ ముందుకొస్తుంది. నాలుగు దెబ్బల ఆవృత్తంలో మొదటి దెబ్బ మీద, అంటే మన తాళం భాషలో సమం మీద, గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1960ల నడుమ బ్యాండు బరువంతా వేయించాడు. మిగతాది విని తెలుసుకోవలసిందే.

పునర్విడుదల రికార్డు చేతికొస్తే నేను ముందు తిప్పి చూసేది అట్ట వెనక అడుగున ఉండే సన్న అక్షరాలు. పాడినవారి పేరు ముందువైపు పెద్దగా ఉంటుంది. టేపు ఎవరి సొత్తో ఆ మూలన ఉంటుంది. ఆ మూల ఎంత ముఖ్యమో తెలియాలంటే స్టాక్స్ అనే రికార్డు కంపెనీ కథ వినాలి.

అమెరికాలోని మెంఫిస్‌లో జిమ్ స్టువర్ట్ అనే బ్యాంకు ఉద్యోగి 1957లో చిన్న రికార్డు కంపెనీ పెట్టాడు. రికార్డింగు యంత్రం కోసం అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టించింది. 1960లో మెక్‌లెమోర్ వీధిలో మూతపడిన సినిమా హాలు ఒకటి అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేశారు గానీ, వాలుగా ఉన్న నేలను చదును చేయించే స్తోమత లేక అలాగే వదిలేశారు. మునుపు తినుబండారాలు అమ్మిన చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం తెరిచింది. పేటలోని కుర్రకారు ఏ పాటకు జేబులో చెయ్యి పెడుతున్నారో ఆమెకు అక్కడే తెలిసిపోయేది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుని భోంచేయని ఊరు అది. ఆ హాలులో మాత్రం ఆస్థాన వాద్యబృందం నలుగురిలో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు.

వాళ్ల రికార్డులను దేశమంతటా అమ్మిపెట్టింది న్యూయార్క్‌లోని అట్లాంటిక్ కంపెనీ. మొదట్లో అంతా నోటిమాట మీదే నడిచింది. 1965లో కాగితం మీదికి ఎక్కింది. జిమ్ దాన్ని పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టాడు. 1967లో అట్లాంటిక్ వార్నర్ వాళ్ల చేతుల్లోకి పోయింది. 1968లో స్టాక్స్ విడిపోదామని చూసేసరికి అసలు సంగతి బయటపడింది: అట్లాంటిక్ ద్వారా అమ్మిన పాటల మాస్టర్ టేపులు, అంటే రికార్డులు అచ్చువేసే అసలు టేపులు, అన్నీ అట్లాంటిక్‌వే! స్టాక్స్‌లో అందరికంటే పెద్ద గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ 1967 డిసెంబరు 10న విమాన ప్రమాదంలో చనిపోయాడు. కొన్ని నెలలకే ఆయన పాటలూ చేజారాయి. ఇంటి నిండా సంగీతం చేసినవాళ్లకు అమ్ముకోవడానికి ఒక్క పాత పాట మిగల్లేదు.

అప్పుడు ఆల్ బెల్ అనే నిర్వాహకుడు చేసిన పని నాకు మహా ఇష్టం. కూర్చుని ఏడవకుండా 1969లో 27 ఆల్బమ్‌లు ఒక్కసారిగా బజారులోకి దించాడు. కంపెనీని మళ్లీ నిలబెట్టిన ఐజాక్ హేస్ ఆల్బమ్ ‘హాట్ బటర్డ్ సోల్’ ఆ గుంపులోదే. అందులో అంతా కలిపి నాలుగే పాటలు. అయితే 1975 చివరికి స్టాక్స్ దివాలా తీసింది, 1989లో ఆ హాలును పడగొట్టారు. 2003లో అదే స్థలంలో మ్యూజియం వెలిసింది. టేపులు అలా రెండుగా చీలాయి కనుకే ఈ రోజున స్టాక్స్ పునర్విడుదలలు రెండు ఇళ్ల నుంచి వస్తాయి. 1968 తెగతెంపులకు ముందువి వార్నర్ వాళ్లవి, తర్వాతివి కాంకర్డ్ అనే మరో కంపెనీవి. సన్న అక్షరాలు చదివితే ఆ పాత సంతకం ఇంకా కనిపిస్తుంది.

పాతవన్నీ సొమ్ము కోసం మళ్లీ వండినవే అనుకోకండి. పాట రాసినవాళ్లు గాయకుడికి వినిపించడానికి గిటారో పియానోనో పెట్టుకుని తామే పాడిన నమూనా టేపులు స్టాక్స్‌లో ఎన్నో ఉండేవి. షెరిల్ పావెల్స్కీ అనే నిర్మాత ఏళ్ల తరబడి వాటిని వెతికి పోగుచేసింది. 2023లో 7 డిస్కుల్లో 146 పాటలుగా వచ్చిన ఆ సంపుటికి మరుసటి ఏడు రెండు గ్రామీ అవార్డులు దక్కాయి. ఒకటి చారిత్రక ఆల్బమ్‌కు, ఇంకొకటి దానితో అచ్చువేసిన వ్యాసాలకు. ఆ వ్యాసాలు రాసిన ఇద్దరిలో డీనీ పార్కర్ ఆనాడు స్టాక్స్‌లో ఉద్యోగం చేస్తూ పాటలు రాసిన మనిషి.

టేపు దొరికితే పని అయిపోయినట్టు కాదు. 1970ల నాటి కొన్ని రకాల టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి జిడ్డు కడుతుంది. అలాగే తిప్పితే పాట పొడిగా రాలి యంత్రానికి అంటుకుంటుంది. వాటిని సుమారు 55 డిగ్రీల వేడిలో గంటల కొద్దీ ఉంచి, జిడ్డు మళ్లీ రాకముందే నకలు తీస్తారు.

సొత్తుదారుడికి డబ్బు వస్తుంది, వాయించినవాడికో? 1969 నవంబరు 20న సిన్సినాటిలో జేమ్స్ బ్రౌన్ బ్యాండు ‘ఫంకీ డ్రమ్మర్’ రికార్డు చేస్తుండగా, క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఇరవై సెకన్ల పాటు ఒంటరిగా డ్రమ్ములు వాయించాడు. తర్వాతి తరాల ర్యాప్ కళాకారులు ఆ ముక్కను కోసుకుని వెయ్యికి పైగా పాటల్లో వాడుకున్నారు. రచయితగా పేరు జేమ్స్ బ్రౌన్‌ది కనుక క్లైడ్‌కు రాయల్టీ రాలేదు. మన దేశంలో సినిమా పాట రాసినవారి, స్వరపరిచినవారి రాయల్టీ హక్కును ఒప్పందంలో రాయించేసుకునే వీలు లేకుండా చట్టం సవరించింది 2012లో. అంటే మనమూ ఆలస్యంగానే మేలుకున్నాం.

ఇక కొత్తవాళ్లు. 1990లలో న్యూయార్క్‌లో డెస్కో అనే చిన్న కంపెనీ పెట్టిన ఇద్దరు కుర్రాళ్లకు పాత ధ్వని ఎంత పిచ్చి అంటే, 1998లో తామే వాయించిన ఆల్బమ్‌ను 1970ల నైజీరియా రికార్డుకు పునర్విడుదల అన్నట్టు అట్ట వేసి వదిలారు. చాలామంది నమ్మారు. అట్ట చదవమన్నాను గానీ అన్నీ నమ్మమనలేదు సుమా! ఆ ఇద్దరిలో ఒకడైన గేబ్రియల్ రాత్ తర్వాత డాప్టోన్ కంపెనీలో భాగస్వామి అయ్యాడు. అక్కడ టేపు మీదే రికార్డు చేస్తారు. జైలు కాపలా ఉద్యోగం చేసిన షారన్ జోన్స్ తొలి ఆల్బమ్ నలభై దాటాక, 2002లో అక్కడే వచ్చింది. ఏళ్లకేళ్లు వంటవాడిగా బతికి, రాత్రిళ్లు జేమ్స్ బ్రౌన్ వేషం కట్టిన చార్లెస్ బ్రాడ్లీ తొలి ఆల్బమ్ 2011లో వచ్చేనాటికి ఆయనకు 62 ఏళ్లు.

ఏది ముందు వినాలంటారా? ‘హాట్ బటర్డ్ సోల్’ చివరి పాట పెట్టండి. 18 నిమిషాలు దాటుతుంది. అందులో మొదటి ఎనిమిది నిమిషాలకు పైగా ఐజాక్ హేస్ కథ చెబుతూనే ఉంటాడు. పాట ఎప్పుడు మొదలవుతుందని విసుక్కుని ముందుకు జరపకండి.

ఇట్లు,
మీ తాతయ్య