టెస్టు మ్యాచ్ చూడటం నిజంగా ఖరీదైపోయిందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో నాదొక చిన్న ట్రావెల్ ఆఫీసు. కాశీ, షిర్డీ యాత్రలు మాకు అన్నం పెడతాయి. టెస్టు మ్యాచ్ (ఐదు రోజుల క్రికెట్) ప్రయాణాలు మాత్రం సరదా కొద్దీ నెత్తికెత్తుకున్న పని, లాభం అంతంత మాత్రమే. పదిహేనేళ్లుగా పదిమందినో పాతికమందినో వెంటబెట్టుకుని ఉప్పల్, విశాఖ మధురవాడ, చెన్నై, బెంగళూరు, కోల్‌కతా తిరుగుతున్నాను. రెండుసార్లు ఇంగ్లాండ్ ప్రయాణాలకూ ఏర్పాట్లు చేశాను. ఈ మధ్య ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ఒకటే మాటతో మొదలుపెడుతున్నారు: "టెస్టు మ్యాచ్ మనలాంటివాళ్లు చూసే రోజులు పోయాయట కదా!" ఖర్చు పెరిగిందన్న మాట నిజమే. అది ఎక్కడ పెరిగిందో చెప్పడంలోనే అందరూ పొరబడుతున్నారు.

అపోహ: టెస్టు టికెట్ల ధరలు మండిపోతున్నాయి.

ఏ దేశంలో అని ముందు అడగాలి. 2019 నవంబరులో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో బంగ్లాదేశ్‌తో గులాబీ బంతి (డే-నైట్) టెస్టు జరిగినప్పుడు రోజు టికెట్లు 50, 100, 150 రూపాయలు. ఆరేళ్ల తర్వాత, 2025 నవంబరులో దక్షిణాఫ్రికా అక్కడే ఆడినప్పుడు కనీస ధర రోజుకు 60. అంటే ఐదు రోజులకు 300 రూపాయలు. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ ధరకు ఈడెన్‌లో ఐదు రోజులు కూర్చోవచ్చన్నమాట. (ఆ మ్యాచ్ మూడు రోజుల్లోనే ముగిసింది, ఆ బాధ వేరే.) 2024 ఫిబ్రవరిలో విశాఖలో ఇంగ్లాండ్‌తో ఆడినప్పుడు కూడా రోజుకు 100 రూపాయల టికెట్టు దొరికింది.

మండిపోతున్నది ఇంగ్లాండ్‌లో. 2024లో లండన్‌లోని లార్డ్స్‌లో శ్రీలంకతో టెస్టు నాలుగో రోజున పెద్దల టికెట్లు చాలావరకు వంద పౌండ్లు దాటాయి, అంటే మన లెక్కలో పదకొండు వేలకు పైమాటే. 31 వేలమంది పట్టే ఆ మైదానానికి ఆ రోజు వచ్చినవాళ్లు సుమారు 9 వేలు. ఆదివారం, సెలవు రోజు, పైగా అంతకుముందు రోజే జో రూట్ శతకం కొట్టాడు. అయినా తెల్ల కుర్చీల వరుసలు ఖాళీగా మెరుస్తూ టీవీలో కనిపించాయి. అక్కడి పత్రికలు నిర్వాహకులను గట్టిగానే నిలదీశాయి.

మన దగ్గర ఆ వార్త చదివినవాళ్లు ఉప్పల్‌లోనూ అదే ధర అనుకుంటే ఎలా?

అపోహ: టికెట్ల డబ్బుతోనే క్రికెట్ నడుస్తుంది, కాబట్టి ధర పెంచక తప్పదు.

ఇంగ్లాండ్ విషయంలో ఇది సగం నిజం. అక్కడ మైదానాలు చాలావరకు కౌంటీలవి (మన రాష్ట్ర జట్ల లాంటి క్లబ్బులు), లార్డ్స్ అయితే ఎంసీసీ అనే క్లబ్బుది. గేటు దగ్గర వచ్చే రాబడి ఆతిథ్యమిచ్చినవారికి చాలా ముఖ్యం. పెద్ద మ్యాచ్‌ల కోసం కౌంటీలు ఒకదానితో ఒకటి పోటీపడి వేలం పాట పాడిన కాలం ఒకటుంది. ఆ పాటకు పెట్టిన డబ్బును ప్రేక్షకుడి జేబులోంచే రాబట్టుకోవాలి. అప్పుల్లో కూరుకుపోయిన డరమ్ కౌంటీకి 2016లో ఇంగ్లాండ్ బోర్డు 38 లక్షల పౌండ్ల సాయం అందించి, బదులుగా దాన్ని రెండో డివిజన్‌కు దించింది. టెస్టులు నిర్వహించే హక్కూ తీసేసింది. టికెట్టు మీద ఉన్న అంకె వెనుక ఇలాంటి కథలు ఉంటాయి.

మన దేశంలో లెక్క పూర్తిగా వేరు. 2023 నుంచి 2028 దాకా స్వదేశంలో జరిగే 88 మ్యాచ్‌ల ప్రసార హక్కులు 5,963 కోట్లకు అమ్ముడుపోయాయి, సగటున మ్యాచ్‌కు 67 కోట్లకు పైనే. ఇప్పుడు గేటు లెక్క చూడండి. రోజుకు 25 వేలమంది తలా 300 పెట్టి వరసగా ఐదు రోజులు వచ్చారనే అనుకుందాం (ఈ రోజుల్లో అదే పెద్ద కల). మొత్తం కలిపితే 3 కోట్ల 75 లక్షలు. ప్రసారం సొమ్ము ముందు ఇది చిల్లర. టికెట్ల రాబడి రాష్ట్ర సంఘానికి, ప్రసారం సొమ్ము బోర్డుకు వెళ్తాయి కాబట్టి ఆ చిల్లర మీద కూడా స్థానికంగా ఆశ ఉంటుంది, కాదనను. కానీ మనవాళ్లు ధర పెంచకపోతే క్రికెట్ ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

అపోహ: టెస్టు టికెట్టు మీద 40 శాతం జీఎస్టీ.

అది ఐపీఎల్‌కు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద పన్ను 28 నుంచి 40 శాతానికి పెరిగింది. గుర్తింపు పొందిన అంతర్జాతీయ మ్యాచ్‌లకు టికెట్టు 500 రూపాయల లోపు ఉంటే పన్నే లేదు, దాటితే 18 శాతం. ఇంతకుమించి చెప్పడానికేమీ లేదు.

అపోహ: అసలు ఖర్చు టికెట్టే.

ఖమ్మం వైపు నుంచి మా బృందంలోకి ఒక రిటైర్డ్ మాస్టారు వస్తుంటారు. ఖర్చులన్నీ పాకెట్ డైరీలో రాసుకునే అలవాటు. 2024 ఫిబ్రవరిలో విశాఖ టెస్టుకు శని, ఆదివారాలు వచ్చారు. జైస్వాల్ ద్విశతకం పూర్తి చేయడం, బుమ్రా ఆరు వికెట్లు తీయడం, మర్నాడు గిల్ శతకం, అన్నీ కళ్లారా చూశారు. తిరుగు రైల్లో ఆ డైరీ నా చేతికిచ్చారు. రెండు రోజుల టికెట్లు 400. రైలు, వెళ్లేటప్పుడు ఏసీలో తత్కాల్, వచ్చేటప్పుడు స్లీపర్, కలిపి 1,500. రెండు రాత్రులు గది 3,400. ఆటోలు 1,400. తిండి 900. మొత్తం 7,600. పక్కన ఎర్ర ఇంకుతో "ఆట: 400, ఆటో: 1,400" అని రాసి కింద గీత గీశారు. లెక్కల మాస్టారు మరి.

ఆటోలకు అంత ఎందుకైందంటే స్టేడియం ఊరి మధ్యలో లేదు. రైల్వే స్టేషన్‌కూ మధురవాడకూ చాలా దూరం. ఆట ముగిసిన వేళకు హైవే మీద వేలమంది ఒక్కసారే చెయ్యి ఎత్తితే ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతారు. ఉప్పల్‌కు ఈ విషయంలో అదృష్టం ఉంది. నాగోల్ మార్గంలో స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ వచ్చాక మా బృందాలకు ఆటో గొడవే తప్పింది.

తత్కాల్ ఎందుకు? ఇదే నేను అందరితోనూ వాదించే విషయం. సిరీస్ షెడ్యూలు నెలల ముందే తెలుస్తుంది. రైలుకు అరవై రోజుల ముందు రిజర్వేషన్ చేసుకోవచ్చు. మ్యాచ్ టికెట్లు మాత్రం మన దగ్గర చాలాసార్లు పది, పదిహేను రోజుల ముందు గానీ అమ్మకానికి రావు. టికెట్టు చేతికి రాకుండా రైలు, గది ఎవరు కొంటారు? వచ్చాక కొందామంటే బెర్తులు ఉండవు, లాడ్జీల అద్దె అప్పటికే రెట్టింపై ఉంటుంది. అదే లార్డ్స్‌లో వేసవి మ్యాచ్‌ల టికెట్లకు ముందటేడే దరఖాస్తు పెట్టాలి. ధర కళ్లు తిరిగేలా ఉన్నా, విమానం టికెట్టు చౌకగా ఉన్నప్పుడే కొనుక్కునే వీలుంటుంది. మనకు చౌక టికెట్టు ఇచ్చి, చుట్టూ ఉన్నవన్నీ ఖరీదు చేసిపెడుతున్నారు.

ఇంకొకటి. ఉప్పల్‌లో ఇప్పటిదాకా ఆరు టెస్టులే జరిగాయి. 2018 అక్టోబరులో వెస్టిండీస్ వచ్చి వెళ్లాక, మళ్లీ 2024 జనవరిలోనే. విశాఖకు 2016, 2019, 2024, మొత్తం మూడు. ఊరికి టెస్టు అయిదేళ్లకోసారి వస్తే చూడాలనుకునేవాడు ఈలోపు పరాయి ఊళ్లకు పరుగెత్తాలి. మెల్‌బోర్న్‌లో అలా కాదు. క్రిస్మస్ మర్నాడు టెస్టు ఉంటుందని అక్కడి పిల్లవాడికి కూడా తెలుసు. వచ్చే ఏడాది సెలవు కూడా ఇప్పుడే పెట్టుకోవచ్చు.

అపోహ: ఖాళీ గ్యాలరీలే సాక్ష్యం, టెస్టులంటే జనానికి మోజు పోయింది.

2024 డిసెంబరులో అదే మెల్‌బోర్న్‌లో భారత్ ఆడిన టెస్టుకు ఐదు రోజులకు కలిపి 3,73,691 మంది వచ్చారు. ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్ కాలంలో, 1936-37లో, 3,50,534 మందితో నెలకొన్న రికార్డు దానితో చెరిగిపోయింది. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి శతకం కొట్టింది ఆ టెస్టులోనే. గ్యాలరీలో చేతులు జోడించి కన్నీళ్లు పెట్టుకున్న వాళ్ల నాన్నగారిని ఎవరు మరిచిపోగలరు! ఆఖరి రోజు కూడా డెబ్బై వేలకు పైగా జనం ఉన్నారు.

2025 జులైలో లార్డ్స్‌లో భారత్ 22 పరుగుల తేడాతో ఓడిన టెస్టు గుర్తుంది కదా. ఐదో రోజు టికెట్టు పెద్దలకు 25 పౌండ్లు, పిల్లలకు 5. మైదానం నిండిపోయింది. ఏడాది క్రితం వెలవెలబోయిన కుర్చీలే అవి. 2005లో మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యాషెస్ (ఇంగ్లాండ్-ఆస్ట్రేలియా సిరీస్) టెస్టు చివరి రోజున 10 పౌండ్లకే టికెట్టు ఇస్తే, చోటు దొరక్క వేలమంది వెనక్కి తిరిగి వెళ్లారు. 2025 ఆగస్టు 4న, లండన్‌లోని ఓవల్‌లో భారత్-ఇంగ్లాండ్ టెస్టు చివరి రోజున, సాగిన ఆట మొత్తం 53 బంతులే. ఆ కాస్త ఆట కోసమే జనం పొద్దున్నే వచ్చి నిండుగా కూర్చున్నారు. సిరాజ్ యార్కర్‌కు అట్కిన్సన్ వికెట్టు ఎగిరిపోయి భారత్ 6 పరుగులతో గెలిచింది. అక్కడున్న మావాళ్లు ఇద్దరు ఫోన్ చేసి మాట్లాడలేక పెట్టేశారు.

అపోహ: అయితే టికెట్టు చౌకగా ఇస్తే చాలు, నిండిపోతుంది.

నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకునేవాణ్ని. 2019 అక్టోబరులో పుణె, రాంచీ టెస్టులకు గ్యాలరీలు ఖాళీగా కనిపించాక, టెస్టులకు గట్టి కేంద్రాలు ఐదు చాలని కోహ్లీ అన్నాడు. విశాఖ, ఉప్పల్ ఆ ఐదులో ఉండవేమోనని మనకు గుండె కలుక్కుమంది గానీ, ఆయన మాటలో పస ఉంది.

చౌక టికెట్టు కొన్న మనిషి మైదానంలో ఏడు గంటలు కూర్చోవాలి. ఒకసారి ఒక స్టేడియం గేటు దగ్గర పైన చెప్పిన మాస్టారినే ఆపారు. సంచిలో నీళ్ల సీసా, ఇంట్లో చేసిన పులిహోర డబ్బా, బీపీ మాత్రలు. సీసా పక్కనే ఉన్న డ్రమ్ములో పడింది, డబ్బా కూడా. మాత్రల కోసం పావుగంట వాదించాల్సి వచ్చింది. చివరికి ఒక మహిళా కానిస్టేబుల్ జాలిపడి మాత్రలు లోపలికి పంపింది. లోపల ఎండ నడినెత్తిన, కాంక్రీటు మెట్టు సెగలు కక్కుతూ. మంచినీళ్ల దగ్గర బారెడు వరస. మధ్యాహ్నం ఆయన తిన్నది నూనె కారే ఒక పఫ్, అదీ బయటి ధరకు మూడింతలు పెట్టి.

లార్డ్స్‌లోకి పులిహోర డబ్బాతో దర్జాగా వెళ్లవచ్చు. కావాలంటే ఒక వైన్ సీసా కూడా పట్టుకెళ్లవచ్చు, వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అంత ఖరీదు టికెట్టు కొన్న మావాళ్లకు అక్కడ భోజనం ఖర్చు లేకపోయింది. 200 పెట్టి కొన్నవాళ్లకు ఇక్కడ టికెట్టు కంటే తిండికే ఎక్కువైంది. అధికారులు నీడ, నీళ్లు, మరుగుదొడ్లు చూసుకుంటే టికెట్టు మరో వంద పెంచినా మా బృందంలో ఒక్కరూ నోరెత్తరు.

అపోహ: మ్యాచ్ త్వరగా ముగిస్తే డబ్బు పోయినట్టే.

దేశాన్ని బట్టి ఉంటుంది. 2025 నవంబరులో పెర్త్‌లో యాషెస్ టెస్టు రెండు రోజుల్లో అయిపోతే, మిగతా రోజులకు టికెట్లు కొన్నవాళ్లకు డబ్బు తిరిగి వచ్చింది. ఇంగ్లాండ్‌లో వాన వల్ల ఆట ఆగితే పడిన ఓవర్ల లెక్కన వాపసు ఇచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర సీజన్ టికెట్టు (ఐదు రోజులకూ కలిపి ఇచ్చేది) తీసుకుంటే ఐదు రోజుల జూదం ఆడినట్టే. అందుకే మా బృందాలకు రోజువారీ టికెట్లే తీసుకోమంటాను. మొదటి మూడు రోజుల్లో రెండు. గది మాత్రం ముందు రోజు దాకా డబ్బు కట్ కాకుండా రద్దు చేసుకునే వీలున్నదే. ఇంగ్లాండ్ వెళ్లేవాళ్లకైతే తిరగేసి చెబుతాను: డబ్బు తక్కువైతే ఐదో రోజు కోసం కాచుకోండి, చౌకగా వస్తుంది. ఆట మిగలదేమోనన్న గుబులు మాత్రం మీదే.

అపోహ: ఈ ట్రావెల్స్ వాళ్లు టెస్టుల మీద బాగా వెనకేసుకుంటారు.

2024 జనవరి, ఉప్పల్, ఇంగ్లాండ్‌తో టెస్టు. గుంటూరు, ఖమ్మం నుంచి ఇరవై రెండు మంది. ఐదు రోజులకూ గదులు, బస్సు మాట్లాడాను. మూడో రోజు పోప్ ఆడుతుంటే మ్యాచ్ సోమవారానికి వెళ్తుందని నేనే అందరికీ ధీమాగా చెప్పాను. ఆదివారం సాయంత్రం హార్ట్‌లీ బౌలింగ్‌లో ఆఖరి వికెట్టుగా సిరాజ్ స్టంపౌట్ అయ్యాడు, మనం 28 పరుగులతో ఓడాం. సోమవారం బస్సు, డ్రైవరు, ఇరవై రెండు మంది సిద్ధంగా ఉన్నారు, ఆట లేదు. అందరినీ గోల్కొండకు తీసుకెళ్లి కోట ఎక్కించాను. డీజిలు, కోట టికెట్లు నా జేబులోంచే. మాస్టారు డైరీలో ఆ రోజు ఖర్చు ఎదురుగా "సున్నా" అని రాసుకుని నాకు చూపించారు.