షికాగో పాఠకుడి అసలు పేరు: రచయితలకూ రివ్యూలు రాసేవాళ్లకూ మధ్య రెండు వందల ఏళ్ల తగువు

2004 ఫిబ్రవరిలో అమెజాన్ కెనడా సైట్లో ఒక సాంకేతిక లోపం తలెత్తింది. పుస్తకాల రివ్యూల కింద ఊరూ పేరూ లేని సంతకాలు ఉండాల్సిన చోట, రాసినవాళ్ల అసలు పేర్లు కనబడటం మొదలైంది. కొద్ది రోజుల్లోనే సరిచేశారు గానీ, ఈలోపే చూడాల్సినవాళ్లు చూసేశారు. అమెరికన్ నవలాకారుడు జాన్ రెచీ కొత్త పుస్తకానికి ఐదు స్టార్లు ఇచ్చి మెచ్చుకున్న 'షికాగో పాఠకుడు' ఎవరో కాదు, జాన్ రెచీయే.

దొరికిపోయాక ఆయనేమీ తలదించుకోలేదు. ఎవడు పడితే వాడు వచ్చి, పేరు కూడా చెప్పకుండా పుస్తకాన్ని తిట్టిపోతుంటే, రచయిత చేతులు కట్టుకుని కూర్చోవాలా అని ఎదురు ప్రశ్న వేశాడు. నన్నడిగితే జవాబు తప్పు, ప్రశ్న మాత్రం తప్పు కాదు. ఆ ప్రశ్న ఆయనది కూడా కాదు. ఇంటర్నెట్ పుట్టడానికి నూట యాభై ఏళ్లకు పైగా ముందే దాని మీద పిస్తోళ్లు తీసినవాళ్లున్నారు.

ఎడిన్‌బరో రివ్యూ పత్రిక 1802లో మొదలైంది. అందులో వ్యాసాల కింద పేర్లుండేవి కావు. అప్పటి పద్ధతే అది. పేరు లేకపోతే 'నేను' అనక్కర్లేదు, 'మేము' అని రాయొచ్చు. 'మేము' అనేసరికి ఒక్క మనిషి విసుగు కూడా కోర్టు తీర్పులా వినిపిస్తుంది. 1806లో ఆ పత్రిక ఐరిష్ కవి థామస్ మూర్ పద్యాలు నీతిమాలినవని తేల్చేసింది. రాసింది ఎడిటర్ ఫ్రాన్సిస్ జెఫ్రీ అని మూర్‌కి తెలిసిపోయింది. ద్వంద్వయుద్ధానికి రమ్మని కబురు పెట్టాడు.

ఆగస్టులో ఒక ఉదయం ఇద్దరూ లండన్ శివార్లలోని చాక్ ఫామ్ దగ్గర కలిశారు. పక్కవాళ్లు పిస్తోళ్లు నింపుతుంటే వీళ్లిద్దరూ అటూ ఇటూ నడుస్తూ, పొద్దున ఎంత బాగుందో అని కబుర్లాడుకున్నారట. ఈ సంగతి మూరే తర్వాత రాసుకున్నాడు. తీరా గురిపెట్టి నిలబడేసరికి పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. పిస్తోళ్లు తెరిచి చూస్తే ఒకదాంట్లో అసలు గుండే లేదు. ఇక పేపర్లకు పండగే. చిత్రమేమిటంటే మూర్, జెఫ్రీ ఆ తర్వాత మంచి స్నేహితులయ్యారు, మూర్ అదే పత్రికకు వ్యాసాలు కూడా రాశాడు.

అదే పత్రిక 1808లో కుర్రవాడైన బైరన్ తొలి కవితల్ని ఉతికి ఆరేసింది. బైరన్ మరుసటి ఏడాది ఒక వ్యంగ్య కావ్యంతో తిరిగి కొట్టాడు. కానీ దెబ్బ తగిలింది జెఫ్రీకి. అసలు ఆ రివ్యూ రాసింది అదే పత్రికకు రాసే హెన్రీ బ్రూమ్. పేరు లేని రివ్యూతో వచ్చే చిక్కే ఇది, కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియదు. బైరన్ తన కావ్యం తొలి ముద్రణ మీద పేరు వేసుకోకపోవడం ఇంకో తమాషా. అంటే పేరు దాచుకున్నవాడి మీద, పేరు దాచుకున్న ఇంకొకడు, తప్పు మనిషిని పట్టుకుని దాడి చేశాడన్నమాట. ఈ మధ్య సోషల్ మీడియాలో జరిగే గొడవలు గుర్తొస్తే నా తప్పు కాదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 1821లో జరిగింది అలాంటిది కాదు. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే బ్లాక్‌వుడ్స్ అనే పత్రికలో 'జెడ్' అన్న ఒక్క అక్షరం సంతకంతో కవి కీట్స్ మీదా, ఆయన మిత్రుల మీదా వరసగా దాడులు వచ్చాయి. సాహిత్యం సరే, మనుషుల పుట్టుకనూ చదువునూ కూడా ఎగతాళి చేసే రాతలవి. లండన్ మ్యాగజైన్ ఎడిటర్ జాన్ స్కాట్ దీని వెనక ఉన్నది బ్లాక్‌వుడ్స్‌కి రాసే జాన్ గిబ్సన్ లాక్‌హార్ట్ అని బహిరంగంగా రాశాడు. మాటా మాటా పెరిగింది. చివరికి లాక్‌హార్ట్ తరఫున అతని మిత్రుడు క్రిస్టీ బరిలోకి దిగాడు. ఫిబ్రవరి 16 రాత్రి, వెన్నెల్లో, మళ్లీ అదే చాక్ ఫామ్. క్రిస్టీ మొదటి గుండు గాల్లోకి కాల్చాడు. రెండోది స్కాట్‌కి తగిలింది. పదకొండు రోజులకు స్కాట్ చనిపోయాడు. దానికి నాలుగు రోజుల ముందే రోమ్‌లో కీట్స్ క్షయతో పోయాడు. రివ్యూలే కీట్స్‌ని చంపాయని తోటి కవి షెల్లీ నమ్మాడు, లోకం చాలాకాలం ఆ మాటే చెప్పుకుంది. రివ్యూ కోసం నిజంగా ప్రాణం పోగొట్టుకున్న ఎడిటర్‌ని మాత్రం ఎవరూ గుర్తుంచుకోలేదు.

ముసుగు రివ్యూ రాసేవాళ్లకే పనికొచ్చిందనుకుంటే పొరపాటు. లాక్‌హార్ట్ మామగారు వాల్టర్ స్కాట్ 1817లో తన నవలలకు తానే, పేరు లేకుండా, క్వార్టర్లీ రివ్యూలో సమీక్ష రాసుకున్నాడు. 1855లో వాల్ట్ విట్మన్ తన తొలి కవితా సంపుటిని తానే పత్రికల్లో పొగుడుకున్నాడు, అదీ ఒకటి కాదు, మూడు రివ్యూలు. 1963లో ఆంథొనీ బర్జెస్ మారుపేరుతో వేసిన నవల యార్క్‌షైర్ పోస్ట్‌లో రివ్యూకి ఆయన దగ్గరికే వచ్చింది. ఎడిటర్ సరదాకి పంపాడేమో అనుకుని ఆయన రాసేశాడు, ఉద్యోగం పోయింది. ఆ రివ్యూలో ఆయన తన పుస్తకాన్ని తెగ మెచ్చుకోలేదని మాత్రం ఒప్పుకోవాలి.

అచ్చు పత్రికలు మెల్లగా దారికొచ్చాయి. టైమ్స్ లిటరరీ సప్లిమెంట్ లాంటి పాతకాపు కూడా 1974లో రివ్యూల కింద పేర్లు వేయడం మొదలుపెట్టింది. మధ్యలో ఎడిటర్ ఉంటాడు, ఎవరు ఎవరికి స్నేహితులో చూసుకుంటాడు, రచయితకు కోపమొస్తే ఉత్తరం రాస్తాడు, అది వేయాలో వద్దో మళ్లీ ఎడిటరే చూస్తాడు. తగువు ఆగలేదు గానీ దానికో వాకిలి, వాకిట్లో ఓ కాపలా మనిషి ఏర్పడ్డారు.

అమెజాన్ 1995లో ఆ కాపలా మనిషిని పక్కకు జరిపింది. ఎవరైనా రివ్యూ పెట్టొచ్చు, తిట్టొచ్చు కూడా. పుస్తకాలు అమ్ముకునేవాడివి, చెడ్డ రివ్యూలు ఎందుకు పెట్టనిస్తున్నావని అప్పట్లో ప్రచురణకర్తలు అడిగారని జెఫ్ బెజోస్ చెబుతుంటాడు. కొనేవాడికి ఏది కొనాలో తేల్చుకోవడంలో సాయం చేస్తేనే మాకు డబ్బులొస్తాయన్నది ఆయన లెక్క. ఇక్కడే పాతదానికీ కొత్తదానికీ తేడా వచ్చింది. రివ్యూ అంటే సాహిత్య చర్చ అని రచయిత అనుకుంటాడు. ఎదుటివాడు మాత్రం తన తర్వాత కొనబోయేవాడితో మాట్లాడుతున్నాడు. రచయిత ఆ సంభాషణలో లేనేలేడు. కానీ అన్నీ చదువుతూ ఉంటాడు, అర్ధరాత్రి, ఒంటరిగా.

రెచీ బయటపడిన ఏడాదే సెప్టెంబర్‌లో ఆన్ రైస్ ఆ గీత దాటింది. కోట్ల కాపీలు అమ్ముడైన రచయిత్రి. తన కొత్త నవలని తిట్టిన పాఠకులకు అమెజాన్ రివ్యూల మధ్యనే, సొంత పేరుతో, వెయ్యి మాటలకు పైగా జవాబు రాసింది. ఎక్కడా పేరా విరగదు, ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. మీరు ఈ పుస్తకాన్ని తప్పు దృష్టితో చూస్తున్నారంది. నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తానని అడ్రస్ కూడా ఇచ్చింది. జనం నవ్వారు. నాకు మాత్రం ఆ గొడవలన్నిటిలో కాస్త గౌరవంగా కనిపించేది అదే, ఎందుకంటే ఆమె ముసుగు వేసుకోలేదు.

బ్రిటిష్ చరిత్రకారుడు ఒర్లాండో ఫైజెస్ కథ దీనికి పూర్తిగా తిరగేసి. 2010లో అమెజాన్ యూకేలో 'హిస్టోరియన్' అన్న పేరుతో ఎవరో రష్యా చరిత్ర మీద వచ్చిన పుస్తకాలను ఉతికేస్తున్నారు, ఫైజెస్ పుస్తకాన్ని మాత్రం ఆకాశానికెత్తుతున్నారు. అలా దెబ్బ తిన్న రచయితల్లో ఒకరైన రేచల్ పొలోన్‌స్కీ ఆ ప్రొఫైల్ కూపీ లాగితే 'ఒర్లాండో-బర్క్‌బెక్' అనే ఇంకో యూజర్‌నేమ్ బయటపడింది. అప్పట్లో ఫైజెస్ పాఠాలు చెప్పే కాలేజీ పేరు బర్క్‌బెక్. అయినా ముందు లాయర్‌తో బెదిరింపు ఉత్తరాలు పంపించాడు. తర్వాత, ఆ రివ్యూలు రాసింది మా ఆవిడ అన్నాడు. ఇంకొన్నాళ్లకు, నేనే అని ఒప్పుకున్నాడు. పొలోన్‌స్కీకి, మరో చరిత్రకారుడు రాబర్ట్ సర్వీస్‌కి నష్టపరిహారం కట్టాడు.

2012 వేసవిలో బ్రిటన్‌లో ఇదే కథ నవలాకారుల మధ్య జరిగింది. క్రైమ్ నవలలు రాసే ఆర్.జె. ఎలరీ మారుపేర్లతో తన పుస్తకాలను పొగిడి, తోటివాళ్లవి తిట్టాడని తేలితే, యాభై మంది దాకా రచయితలు కలిసి ఇలాంటి పనులు మేం చేయమని బహిరంగ లేఖ రాశారు. అదే ఏడాది అమెరికాలో, పది లక్షల ఈ-బుక్స్ సొంతంగా అమ్మిన జాన్ లాక్ వందల రివ్యూలు డబ్బిచ్చి కొన్నాడని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అతను కొన్న చోట ఒక రివ్యూ 99 డాలర్లు, యాభై కలిపి తీసుకుంటే 999 డాలర్లు. హోల్‌సేల్ ధర. నకిలీ రివ్యూలు అమ్మినా కొన్నా జరిమానా వేసేలా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా నిబంధన తెచ్చింది 2024లో, పన్నెండేళ్ల తర్వాత.

ఈలోగా తగువు, పాఠకులు పుస్తకాలకు రేటింగులూ రివ్యూలూ ఇచ్చుకునే గుడ్‌రీడ్స్‌కి మారింది. 2007లో మొదలైన ఈ సైట్‌ని 2013లో అమెజాన్ కొనేనాటికి 1.6 కోట్ల మంది సభ్యులున్నారు. ఇక్కడ కొనక్కర్లేదు, చదివానని రుజువు చూపక్కర్లేదు, పుస్తకం విడుదల కానక్కర్లేదు కూడా. పబ్లిషర్లు ముందే పంచే అడ్వాన్స్ కాపీల కోసమని ఆ వీలు ఉంచారు. పాఠకులు పుస్తకాలను సొంత 'షెల్ఫుల్లో' సర్దుకుంటారు కదా, కొందరు పాఠకులతో గొడవపడే రచయితల కోసం విడిగా షెల్ఫులు పెట్టారు. 'వీళ్లవి చచ్చినా చదవను' తరహావి. రచయితలు ఇది వేధింపు అన్నారు. పాఠకులు ఇది హెచ్చరిక అన్నారు. 2013 సెప్టెంబర్‌లో గుడ్‌రీడ్స్ రచయితల వైపు మొగ్గి, పుస్తకం గురించి కాకుండా రచయిత ప్రవర్తన గురించి ఉన్న రివ్యూలు, షెల్ఫులు తీసేసింది. ముందు చెప్పకుండా తీసేసినందుకు క్షమాపణ చెప్పింది గానీ, రూల్ మార్చలేదు. జీతం లేకుండా ఆ సైట్‌ని నింపిన పాఠకులకు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది, కొందరు అకౌంట్లు మూసుకుని వెళ్లిపోయారు.

పాఠకులు ఎందుకంత భయపడ్డారో మరుసటి ఏడాది తెలిసింది. 2014 అక్టోబర్‌లో కాథ్లీన్ హేల్ అనే యువ నవలాకారిణి గార్డియన్‌లో పెద్ద వ్యాసం రాసింది. తన నవలకు ఒక్క స్టార్ ఇచ్చిన మనిషి అసలు పేరు, ఇంటి అడ్రస్ ఎలా సంపాదించిందో, కారు అద్దెకు తీసుకుని ఆ ఇంటి గుమ్మం దాకా ఎలా వెళ్లిందో అందులో ఆమే చెప్పుకుంది. ఎదుటి మనిషి మారుపేరుతో, మారు వివరాలతో రాస్తోందన్నది ఆమె అభియోగం. అయితే ఏమిటి? పుస్తకం నచ్చలేదని చెప్పడానికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలా? రెచీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడ దొరికింది. పాఠకుడి ముసుగు గుమ్మం దాకా ఎవరూ రాకుండా ఉండటానికి. రచయిత ముసుగు పోటీవాడి గుమ్మం ముందు చెత్త పోయడానికి. రెండూ ఒకటి కావు.

అయినా పాఠకులు అన్నివేళలా అమాయకులేం కాదు. 2023 జూన్‌లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ రష్యా నేపథ్యంలో నవల వస్తోందని ప్రకటించగానే, యుక్రెయిన్ యుద్ధం నడుస్తున్న సమయంలో ఇదేమిటని గుడ్‌రీడ్స్‌లో వందలకొద్దీ ఒక్క-స్టార్ రేటింగులు పడ్డాయి. పుస్తకాన్ని ఎవరూ చదవలేదు, చదవడానికి అది లేదు. కొద్ది రోజుల్లోనే ఆమె విడుదల ఆపేసింది. యుక్రేనియన్ పాఠకుల బాధ నాకు అర్థమవుతుంది, దాన్ని చెప్పడానికి రేటింగ్ సరైన చోటని మాత్రం ఇప్పటికీ అనిపించదు. ఆ ఏడాది చివర్లో గుడ్‌రీడ్స్, ఇలాంటి వరద వచ్చినప్పుడు కొంతకాలం రివ్యూలు ఆపేసే ఏర్పాటు ఉందని చెప్పుకుంది.

ఆ డిసెంబర్‌లోనే కేట్ కొరేన్ వ్యవహారం బయటికొచ్చింది. తొలి నవల ఇంకా విడుదల కాలేదు. తనలాగే తొలి పుస్తకంతో వస్తున్న రచయితలకు, వాళ్లలో చాలామంది శ్వేతజాతీయేతరులు, ఒక్క-స్టార్లు కొడుతున్న అకౌంట్లన్నీ కొరేన్ నవలకు మాత్రం మంచి రేటింగులు ఇస్తున్నాయని తోటి రచయితలు పసిగట్టారు. స్క్రీన్‌షాట్లు కూర్చి పెద్ద ఫైలే తయారుచేశారు. మొదట కొరేన్ ఒక చాట్ చూపించి, ఇదంతా నా మీద అభిమానంతో ఒక ఫ్రెండ్ చేసిన పని అన్నారు. ఆ చాట్ అబద్ధమని కొద్ది రోజుల్లో ఒప్పుకున్నారు. పబ్లిషర్ పుస్తకాన్ని రద్దు చేసుకుంది. ఫైజెస్ నింద మోపడానికి కనీసం నిజమైన భార్య ఉంది. ఇక్కడ ఆ ఫ్రెండ్ కూడా కల్పిత పాత్రే.